పది వేలు పక్కన పెట్టుకోండి

డిసెంబరు చివరి వారంలో కలకత్తా వెళ్తున్నారా? పార్క్ స్ట్రీట్ దీపాలు చూస్తారు. ఆలెన్ పార్కులో పాటలు వింటారు. చలికి తట్టుకోలేక ఏదో ఒక తలుపు తోసుకుని లోపలికి వెళ్లి రెండు పెగ్గులు వేసుకుంటారు. వేసుకోండి, ఎవరొద్దన్నారు? కారు తాళాలు జేబులోనే ఉన్నాయా? ఉండనివ్వండి. కాకపోతే బిల్లు కట్టేటప్పుడు పర్సు మొత్తం దులపకండి. ఓ పది వేలు పక్కన పెట్టుకోండి. అది టిప్పు కాదు. మోటారు వాహనాల చట్టం, 185వ సెక్షన్ వారి సర్వీసు ఛార్జీ.

ఆ సెక్షన్ చదివిన ప్రతిసారీ నాకు మన శాసనకర్తల మీద గౌరవం పెరిగిపోతుంటుంది. 1988లో చట్టం చేసినప్పుడు మొదటిసారి తాగి నడిపి దొరికితే జరిమానా రెండు వేలకు మించకూడదన్నారు. 2019 ఆగస్టు నెలాఖరు దాకా అదే రేటు. ఈలోగా బియ్యం పెరిగింది, పెట్రోలు పెరిగింది, క్వార్టర్ సీసా ఎన్నిసార్లు పెరిగిందో తాగేవాళ్లనడిగితే తేదీలతో సహా చెబుతారు. పెరగనిదల్లా తాగి స్టీరింగు పట్టుకోవడానికి కట్టే రుసుమొక్కటే. రేషన్ షాపులో కూడా ఇంత నిలకడైన ధర ఈ దేశం ఎరగదు. మూడు దశాబ్దాల పాటు సర్కారువారు ఇంత శ్రద్ధగా ధర పెరగకుండా కాపాడిన విలాసం మరొకటి ఉంటే చెప్పండి.

2017 డిసెంబరు 31 రాత్రి హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఊదించినప్పుడు ఒక పేరున్న టీవీ యాంకరు గారికి 178 వచ్చింది. అనుమతి ఉన్నది వంద మిల్లీలీటర్ల రక్తానికి 30 మిల్లీగ్రాములు. అంటే చట్టం ఒప్పుకున్నదానికి దాదాపు ఆరింతలు. కోర్టు ఆయన లైసెన్సును మూడేళ్లు ఆపేసింది, అది మంచి పనే. డబ్బు రూపంలో మాత్రం 2,100 రూపాయలు కట్టించుకుంది. అప్పటి చట్టం ప్రకారం కోర్టు అంతకంటే పెద్దగా వసూలు చేయగలిగిందీ లేదు. ఆ రాత్రి ఆ పేటలో రెండు వేల వంద రూపాయలకు ఏ టేబుల్ దగ్గరా కుర్చీ కూడా జరిపి ఉండరు.

2019 సెప్టెంబరు 1 నుంచి కొత్త రేట్లు వచ్చాయి. మొదటిసారి పది వేలు, లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేకపోతే రెండూ. మళ్లీ దొరికితే పదిహేను వేలు, రెండేళ్ల దాకా జైలు. ఐదు వేలు అనుభవానికన్నమాట. జైలు సంగతి రాసి ఉంది కదా అని బెంబేలెత్తకండి. హోటల్ మెనూలో కొన్ని వంటకాల పక్కన ‘సీజన్‌లో మాత్రమే’ అని ఉంటుంది చూశారా, ఇదీ అలాంటిదే. కొత్త సంవత్సరం సీజన్‌లో హైదరాబాద్ కోర్టులు అప్పుడప్పుడూ ఒకటి రెండు రోజులు వడ్డిస్తుంటాయి. మిగతా రోజుల్లో వంటవాడు ఎక్కువగా సెలవు.

ఇక్కడ కలకత్తాది ఒక ప్రత్యేక అధ్యాయం. కొత్త జరిమానాలు మొదలైన ఆ నెలలోనే ముఖ్యమంత్రి మమతా బెనర్జీ, ఇవి మరీ కఠినంగా ఉన్నాయి, మా రాష్ట్రంలో అమలు చేయం, డబ్బు గుంజితే సమస్య తీరదు అన్నారు. మద్య నిషేధం ఉన్న గుజరాత్ కూడా ఆ నెలలోనే చాలా జరిమానాలకు కోత పెట్టింది కనుక ఇందులో పార్టీల భేదం లేదు. జనం మీద జాలి అన్ని పార్టీలకూ సమానమే. 2022 జనవరికి బెంగాల్ జాలి కాస్త తగ్గి, పెంచిన రేట్లకు నోటిఫికేషన్ వచ్చింది. ఈ రెండేళ్ల గొడవలో ఒక చిన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. రాష్ట్రాలు తగ్గించుకోగలిగినవి రోడ్డు మీదే డబ్బు కట్టి రాజీ చేసుకునే నేరాల రేట్లు మాత్రమే. అంటే హెల్మెట్ లేకపోవడం వగైరా. తాగి నడపడం ఆ జాబితాలో లేదు. దానికి కోర్టు గడప తొక్కాల్సిందే, మేజిస్ట్రేటు ముందు చేతులు కట్టుకు నిలబడాల్సిందే. మమతా దీదీ గారు ఎంత జాలిపడ్డా తాగుబోతుకు నయా పైసా రాయితీ ఇవ్వలేరు. పాపం, అడక్కుండానే అందరి తరఫునా మాట్లాడారు గానీ, తన చేతిలో ఉన్నది హెల్మెట్ లేనివాళ్లేనని ఎవరూ చెప్పినట్టు లేదు.

దీదీ గారికి అన్యాయం చేయకూడదు. 2016 జూలైలో ‘సేఫ్ డ్రైవ్ సేవ్ లైఫ్’ అని ఒక ఉద్యమం మొదలుపెట్టింది ఆవిడే. ఆ నాలుగు మాటలూ కనబడని కూడలి కలకత్తాలో లేదు. స్తంభాల మీద, పోలీసు బారికేడ్ల మీద, ఫ్లైఓవర్ గోడల మీద. ఏ తాగుబోతు దేన్ని గుద్దినా ఆ నినాదాన్నే గుద్దాలి, అంత శ్రద్ధగా పెట్టారు. అదే రాష్ట్రంలో మద్యం టోకు వ్యాపారం ఎవరిదయ్యా అంటే సర్కారు వారి బెవరేజెస్ కార్పొరేషన్‌ది. ఎడం చేత్తో సీసా, కుడి చేత్తో బోర్డు. మనం నవ్వడానికి లేదు లెండి. మన దగ్గర 1995లో ఎన్టీఆర్ మద్య నిషేధం పెడితే రెండున్నరేళ్లు తిరక్కుండా 1997లో ఎత్తేశారు. తెలంగాణలో 2023లో మద్యం దుకాణాలకు లాటరీ తీస్తే 2,620 షాపుల కోసం లక్షా ముప్ఫై వేలకు పైగా దరఖాస్తులొచ్చాయి. దరఖాస్తుకు రెండు లక్షలు, షాపు రాకపోయినా తిరిగి రాదు. ఒక్క చుక్క అమ్మకుండా, ఒక్క మూత తీయకుండా ఖజానాకు 2,600 కోట్ల పైన. 2025 నాటికి ఆ దరఖాస్తు ధర మూడు లక్షలైంది. షాపు దొరుకుతుందేమోనన్న ఆశకు మూడు లక్షలు, తాగి బండెక్కినందుకు పది వేలు. ఏది పెద్ద సాహసమో సర్కారు లెక్కగట్టి చెప్పింది.

ఇక కలకత్తాలో బార్లను అర్ధరాత్రి దాటాక కూడా తెరిచి ఉంచనిస్తారు, దానికీ రుసుముంది. ఇంటికి చేర్చాల్సిన మెట్రో మాత్రం అర్ధరాత్రికి ముందే నిద్రపోతుంది. దేశంలో మొదటి మెట్రో నడిపిన నగరం కదా, పెద్దరికం. మిగిలింది పసుపు టాక్సీ; అర్ధరాత్రి దాటాక ఆ డ్రైవరు అడిగే రేటు విన్నాక పది వేల జరిమానాయే నయమనిపిస్తుంది. అప్పుడు చూడండి, వాలే కుర్రాడు పరుగెత్తుకొచ్చి, వంగి, మీ తాళాలు మీ చేతిలో పెడతాడు. తూలుతున్నారని చెయ్యి పట్టుకుని మరీ డ్రైవరు సీట్లో కూర్చోబెడతాడు. చట్టంలో 188వ సెక్షన్ ఒకటుంది: తాగి నడపడానికి తోడ్పడినవాడికీ అదే శిక్ష. జపాన్‌లో ఇలాంటి చట్టాన్ని నిజంగానే వాడతారట. తాగినవాడితోపాటు పోసినవాడినీ, పక్క సీట్లో కూర్చున్నవాడినీ పట్టుకుంటారు. మన దగ్గర పక్క సీట్లోంచి ‘ఏం కాదు మామా, పోనీ’ అన్నవాడు ఇప్పటికీ సాక్షి, లేదా బాధితుడు. అంతకు మించి అతన్ని ఇబ్బంది పెట్టడం మనకు మర్యాద కాదు.

ఇప్పుడు పోలీసు నాకా దగ్గరికొద్దాం. ఈఎం బైపాస్ మీద బారికేడ్లు, తెల్ల యూనిఫారంలో సార్జెంటు. కలకత్తా పోలీసుల్లో నాకు నచ్చేది ఆ తెలుపే. “దాదా, ఫూ దిన్” అంటాడు. మన హైదరాబాద్‌లో “ఊదన్నా” అన్నంత చనువుగా. మన దాదా గొట్టం నోట్లో పెట్టుకుని ఊదకుండా పీలుస్తాడు. మళ్లీ ఊదమంటే దగ్గుతాడు. ఇంకోసారి అంటే అవతల ఎవరికో ఫోన్ చేసి, “మాట్లాడండి” అని సార్జెంటు చెవికి పెట్టబోతాడు. ఊదనని మొండికేస్తే బతికిపోతామని మన కుర్రకారులో ఒక నమ్మకం ఉంది. అది తప్పు. సరైన కారణం లేకుండా నిరాకరిస్తే దాన్నీ మీకు వ్యతిరేకంగానే వాడుకోవచ్చని చట్టంలోనే ఉంది. ఊదేయండి. పది వేలు తెచ్చుకున్నారుగా.

ఊదాక జరిగే సంభాషణ మాత్రం గంగ ఒడ్డునైనా మూసీ ఒడ్డునైనా ఒక్కటే. హైదరాబాద్‌లో దొరికినవాళ్లను గోషామహల్, బేగంపేట ట్రాఫిక్ శిక్షణ కేంద్రాలకు కౌన్సెలింగ్‌కు రమ్మంటారు, ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రావాలి. అక్కడ బల్లల మీద జరిగే విచారణ ఏ కోర్టులోనూ జరగదు.

“ఎన్ని తాగావురా?”

“రెండు బీర్లే నాన్నా.”

“మొన్న మీ అమ్మకూ రెండే అని చెప్పావు. నిన్న ఎస్సైకీ రెండే అని చెప్పావు. నీకు మూడు దాకా లెక్క రాదా?”

“మిషనులో ఏదో తేడా...”

“మిషనుకూ నీకూ తేడా ఉంది. అది ఒక్కసారి కూడా రెండు అనలేదు.”

ఈ శిక్ష పది వేలకంటే గట్టిదని నా అభిప్రాయం. దీన్ని చట్టంలో పెట్టకపోవడానికి కారణం, శాసనకర్తలకూ నాన్నలుంటారు.

సరే, మీరు బాగా పట్టుబడ్డారు, సార్జెంటు అరెస్టు చేశాడు. అయినా ఆశ వదలకండి. 202వ సెక్షన్ మీకోసమే కాచుకుని ఉంది. అరెస్టు చేసిన రెండు గంటల్లోగా డాక్టరు చేత పరీక్ష చేయించాలి. చేయించలేకపోతే కస్టడీలోంచి వదిలిపెట్టాలి. రెండు గంటలు! ఈ సెక్షన్ రాసినాయన దుర్గాపూజ అష్టమి రాత్రి గరియాహాట్ కూడలిలో ఎప్పుడూ నిలబడి ఉండడు. స్టేషన్‌లో కాగితాలు రాయాలి, జీపు ఖాళీ అవ్వాలి, ఆసుపత్రి ఎమర్జెన్సీలో రక్తాలు కారుతున్న మనుషుల వెనకాల వరసలో నిలబడాలి. మీ ముందున్న స్ట్రెచర్ మీదివాడిని గుద్దినవాడు కూడా ఆ వరసలోనే ఎక్కడో ఉంటాడు. పోలీసు గడియారం చూసుకుంటాడు, మీరూ గడియారం చూసుకుంటారు. ఆ గదిలో తీరుబడిగా ఉన్నది మీ కాలేయం ఒక్కటే. దాని పని అది చేసుకుపోతూ ఉంటుంది.

కాలేయం మాట వచ్చింది కనుక ఒక లెక్క. మామూలు మనిషి రక్తంలో మద్యం, ప్రతి వంద మిల్లీలీటర్లకూ, గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతుంది. అంటే రాత్రి పన్నెండింటికి 178తో ఊగుతున్న పెద్దమనిషి మర్నాడు పదింటికి 30 లోపలికి వచ్చేస్తాడు. సాయంత్రానికి తులసి తీర్థం తాగినంత పవిత్రుడు. ఇప్పుడు మీరు ఎవరినైనా గుద్దారనుకోండి. ఆగారా, ఊదిస్తారు, రక్తం తీస్తారు, 185 పడుతుంది, పది వేలు. దిగి పరుగెత్తారా, ఊదించడానికి మనిషే లేడు. గాయపడినవాడికి సాయం చేయకుండా, పోలీసుకు చెప్పకుండా పోయినందుకు 187వ సెక్షన్ కింద జరిమానా ఎంతనుకున్నారు? ఐదు వేలు. ఆగినవాడికి పది, పారిపోయినవాడికి ఐదు. నా మాట నమ్మకపోతే చట్టం తెరిచి చూసుకోండి. సగానికి సగం తగ్గింపు, అదీ సంవత్సరం పొడుగునా.

దీన్ని సరిచేద్దామని కేంద్రం ఒకసారి ప్రయత్నించకపోలేదు. 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106వ సెక్షన్ రెండో ఉపవిభాగం అలాంటిదే. నిర్లక్ష్యంగా నడిపి చావుకు కారణమై, పోలీసుకు చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా జైలు. అది అమల్లోకి రాకముందే, ఆ ఏడు జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మె చేశారు, పెట్రోలు బంకుల దగ్గర కిలోమీటర్ల బారులు తీరాయి. రెండు రోజుల్లో కేంద్రం, ఇప్పుడే అమలు చేయం లెండి అంది. చట్టమంతా అమల్లోకి వచ్చింది, ఆ ఒక్క ముక్కా అలమరలో ఉండిపోయింది. లారీ డ్రైవర్ల భయం నిజమైనదే. ఆగితే జనం కొట్టి చంపుతారు. ఆ భయానికి మందు వెతకాల్సింది పోయి సెక్షన్‌నే పడుకోబెట్టారు. లాభం పొందింది లారీవాడు ఒక్కడే కాదు, అతనికంటే ఖరీదైన బండ్లు నడిపేవాళ్లు సమ్మె అవసరం లేకుండానే పొందారు.

కలకత్తా ఈ పారిపోయే విద్యలో వెనకబడిలేదు. 2016 జనవరి 13 ఉదయం రెడ్ రోడ్డు మీద గణతంత్ర దినోత్సవ కవాతుకు రిహార్సల్ జరుగుతోంది. ఒక ఆడీ కారు బారికేడ్లు దాటి దూసుకొచ్చింది. వాయుసేన కార్పొరల్ ఒకరు చనిపోయారు. దేశంలో సైన్యం కవాతు చేస్తున్న రోడ్డు కంటే భద్రమైన రోడ్డు ఇంకేముంటుంది? కారు దొరికింది, నడిపినవాడు దొరకలేదు. అతను ఒక మాజీ ఎమ్మెల్యే కొడుకు, కొన్ని రోజులాగి దొరికాడు. అన్ని రోజుల తర్వాత ఊదిస్తే ఏమొస్తుంది, గాలి. పోలీసులు హత్యానేరం మోపారు. 2019 జనవరిలో కోర్టు అది హత్య కాదు నిర్లక్ష్యం అంది, రెండేళ్లు వేసింది, అప్పటికే అంతకంటే ఎక్కువ జైల్లో ఉన్నావు కనుక ఇంటికెళ్లమంది.

అదే 2019 ఆగస్టులో లౌడన్ స్ట్రీట్ కూడలి. అర్ధరాత్రి వాన. ఒక జాగ్వార్ వచ్చి ఒక మెర్సిడెస్‌ను గుద్దింది. ఇద్దరు బంగ్లాదేశీయులు చనిపోయారు. వైద్యం కోసం ఈ నగరానికి వచ్చి, వాన తగ్గేదాకా నిలబడదామని వాళ్లు ఎంచుకున్న చోటు ట్రాఫిక్ పోలీసు కియోస్క్. ఈ ఊళ్లో పోలీసు నీడకంటే క్షేమం ఏముంటుందని పొరుగు దేశం వాళ్లు నమ్మారు. ముందు ఒక పేరున్న బిర్యానీ హోటళ్ల కుటుంబంలోని తమ్ముణ్ని అరెస్టు చేశారు. కొద్ది రోజులకు పోలీసులే, కాదు, నడిపింది అన్న, దుబాయ్ వెళ్లి వచ్చాడు అన్నారు. సీసీ కెమెరాలూ కారులోని రికార్డరూ చెప్పేదాకా ఆ సంగతి బయటపడలేదు. మనుషులు మాట మార్చారు, యంత్రం మార్చలేదు. రామాయణంలో అన్న పాదుకలు తమ్ముడు మోశాడు. ఇక్కడ అన్న కేసు తమ్ముడు మోశాడు. మద్యం సంగతి అడక్కండి. ఎవరు నడిపారో తేలడానికే అన్నాళ్లు పడితే ఏం తాగి నడిపాడో తేల్చేదెవరు?

పారిపోవడానికి దారిలేక దొరికినవాళ్లూ ఉన్నారు. 2025 ఏప్రిల్ 6, ఆదివారం ఉదయం, ఠాకూర్‌పుకుర్ బజార్లో జనం కూరగాయలు, చేపలు కొనుక్కుంటున్న వేళ ఒక టీవీ సీరియల్ దర్శకుడి కారు మీదికొచ్చింది. ఒకరు చనిపోయారు, ఇంకొందరికి గాయాలు. మద్యం మత్తులో ఉన్నాడన్నది పోలీసుల ఆరోపణ, కేసు కోర్టుది. నాకు అనుమానం వచ్చేదొక్కటే. ఆదివారం ఉదయం చేపల బజారు మీదికి కారు రావడమంటే బెంగాల్‌లో అది రోడ్డు ప్రమాదం మాత్రమే కాదు, మతం మీద దాడి. అందుకే జనం అంతగా ఊగిపోయి ఉంటారు. చేతులకు పని చెప్పబోయారు.

మనిషి చనిపోతే మరి శిక్షెంత అంటారా? నిర్లక్ష్యం అని తేలితే మొన్నటిదాకా రెండేళ్లు, కొత్త సంహితలో ఐదేళ్ల దాకా. చస్తారని తెలిసీ నడిపావు అని తేలితే పదేళ్ల దాకా. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలిచేది మిల్లీగ్రాములు కాదు, వకీలు ఫీజు. 1999లో ఢిల్లీలో బీఎండబ్ల్యూ కింద ఆరుగురు చనిపోతే 2012లో సుప్రీంకోర్టు పెద్ద నేరమే అంది గానీ, అప్పటికి గడిపిన రెండేళ్ల జైలు చాలంది. పైన 50 లక్షలు కట్టమంది, రెండేళ్లు సమాజసేవ చేయమంది. 2006లో ముంబై కార్టర్ రోడ్డు మీద నిద్రపోతున్న కూలీలు ఏడుగురు చనిపోతే మూడేళ్లు. భాగిస్తే మనిషికి ఐదు నెలల చిల్లర. 2024 మేలో పుణెలో పోర్షే కింద ఇద్దరు ఇంజనీర్లు చనిపోయినప్పుడు నడిపిన కుర్రాడికి కొన్ని గంటల్లో బెయిలిచ్చి, రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయమన్నారు. ఆ తర్వాత ఆ కుర్రాడి రక్తం బదులు వాళ్లమ్మ రక్తం పరీక్షకు వెళ్లిందని పోలీసులు డాక్టర్ల మీదే కేసు పెట్టారు. కన్నతల్లి పాలిస్తుందని విన్నాం, రుజువు కూడా ఇస్తుందని అప్పుడే తెలిసింది. వ్యాసం సంగతి మాత్రం నా మనసులోంచి పోవడం లేదు. అదే విషయం మీద ఇదిగో నేను దానికి ఎన్నో రెట్లు రాసి కూర్చున్నాను. ఆ కొలత ప్రకారం నా చేతిలో ఎంతమంది పోయి ఉండాలో లెక్క వేసుకోవాలంటే భయంగా ఉంది.

రక్తపరీక్ష లేకపోతే తాగాడని ఎలా తేలుస్తారండీ అని వకీళ్లు అడిగే ప్రశ్నకు దేశంలో గట్టి జవాబు ఒకటి వచ్చింది. ఎప్పుడంటే, కారు పోయినప్పుడు. 2007 డిసెంబరులో ఢిల్లీ ఇండియా గేట్ దగ్గర ఒక పోర్షే గోడకు గుద్దుకుని పనికిరాకుండా పోయింది. ఊదించలేదు, రక్తం తీయలేదు, డాక్టరు కాగితంలో మద్యం వాసన అని మాత్రం ఉంది. కారు సొంతదారైన కంపెనీ బీమా డబ్బు అడిగింది. కేసు సుప్రీంకోర్టుకు చేరి, పధ్నాలుగో ఏట, 2021 ఏప్రిల్‌లో తీర్పు: పరీక్ష లేనంత మాత్రాన తాగాడని రుజువు చేయకూడదని లేదు, వాసనా పరిస్థితులూ చూసి తేల్చవచ్చు, బీమా డబ్బు ఇవ్వక్కర్లేదు. సరైన తీర్పే. ఆ కంపెనీ పేరు పర్ల్ బెవరేజెస్. నేను పెట్టిన పేరు కాదు. మనుషులు పోయిన కేసులో వాసన చాలదు, బీమా కంపెనీ డబ్బు పోయే కేసులో వాసన చాలు. చట్టానికి ముక్కు లేదని ఎవరన్నారు?

మళ్లీ ఆ పది వేల దగ్గరికి వస్తాను, అది నన్ను వదలడం లేదు. అది అందరికీ పది వేలే. పైకి పెంచే అధికారం మేజిస్ట్రేటుకు కూడా లేదు. బెంట్లీ దిగినవాడికీ పది వేలు, కలకత్తా సెక్టర్ ఫైవ్‌లో పార్సిళ్లు ఇచ్చి అలసిపోయి చలికి ఓ క్వార్టర్ వేసుకుని మోపెడెక్కిన కుర్రాడికీ పది వేలు. సమానత్వం అంటే ఇది. ఒకడికి అది రాత్రి మిగిలిన చిల్లర, ఇంకొకడికి నెల జీతంలో సగమో ముప్పాతికో, పైగా బండి స్టేషన్లో ఉంటే ఆ మిగతా సగం కూడా రాదు. లైసెన్సు మూడు నెలలు ఆపేయాలని సుప్రీంకోర్టు కమిటీ 2015లోనే చెప్పింది. మోపెడ్ కుర్రాడికి అది ఉపవాసం. బెంట్లీ ఆసామికి అదొక చిన్న అసౌకర్యం, మూడు నెలలూ డ్రైవరు నడుపుతాడు, వెనక సీట్లో కూర్చుని ఇంకాస్త నిశ్చింతగా తాగవచ్చు. ఫిన్లాండ్ వాళ్లు ఇక్కడే పొరబడ్డారు. వాళ్లు జరిమానాను రోజువారీ ఆదాయాన్ని బట్టి వేస్తారు. 2002లో ఒక నోకియా పెద్దాయన మోటారు సైకిలు వేగం దాటించినందుకే 1,16,000 యూరోలు వేశారు, అప్పీలులో తగ్గించారనుకోండి. మందు వాసన కూడా లేదు, వట్టి వేగానికే. అంత అమర్యాదగల దేశంలో ధనవంతుడు ఎలా బతుకుతాడో!

2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో మనకందరికీ తెలుసు. తాగి బైకు నడిపినవాడు డివైడర్‌ను గుద్ది పోయాడు. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకు మీదికెక్కిన హైదరాబాద్–బెంగళూరు బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు మాడిపోయారు. తర్వాత హైదరాబాద్ పోలీసు కమిషనర్ సజ్జనార్, తాగి నడిపేవాళ్లు ఉగ్రవాదులు అన్నారు. కొందరు నొచ్చుకున్నారు. నాకు ఆ మాటలో తప్పేమీ కనబడలేదు. నా సందేహం వేరే. ఉగ్రవాదికి పది వేలు జరిమానా వేసి, మళ్లీ దొరికితే పదిహేను వేలని హెచ్చరించి, మూడు నెలల తర్వాత అతని ఆయుధానికి లైసెన్సు తిరిగిచ్చే దేశం భూమ్మీద ఇంకోటి ఉందా?

ఇంతసేపూ నడిపేవాడి ఖర్చులే చెప్పాను. రెండోవైపు పద్దు కూడా ఒకటుంది, చిన్నదే. గుద్దిన బండి ఏదో తేలకపోతే, చనిపోయినవాడి కుటుంబానికి ఒకప్పుడు 25 వేలు ఇచ్చేవాళ్లు, 2022 ఏప్రిల్ 1 నుంచి రెండు లక్షలు చేశారు. తీవ్రంగా గాయపడితే యాభై వేలు. తెలంగాణలో మద్యం షాపు వస్తుందో రాదో తెలియని దరఖాస్తు ఇప్పుడు ఇంతకంటే లక్ష ఎక్కువ. ఈ రెండు లక్షలు ఊరికే రావు. ఎంక్వైరీ అధికారికి, అంటే తహసీల్దారుకో ఎస్‌డీఓకో, ఫారం నింపి ఇవ్వాలి. ఎఫ్ఐఆర్ నకలు, పోస్టుమార్టం రిపోర్టు, బ్యాంకు పాసుబుక్కు జిరాక్సు జతచేయాలి. అడుగుతున్న భార్య ఎవరో, ఆమె చిరునామా ఏమిటో రుజువు చూపాలి. చనిపోయిన మొగుడు ఎవరో, అతని చిరునామా ఏమిటో దానికీ రుజువు చూపాలి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక అక్షరం తేడా ఉంటే కౌంటర్లో గుమస్తా అద్దాలు పైకి జరిపి, “ఇది దిద్దించుకుని రండమ్మా” అంటాడు. నడిపినవాడి గుర్తింపు కార్డు కోసం ఆ ఫారంలో గడి లేదు.